ఒక రాయి పదిహేడైన వైభవం

కిడ్నీలో రాయిని బయటినుంచే పగలగొట్టే షాక్ వేవ్ చికిత్స చేయించుకుని, ఏ చిక్కూ లేకుండా మర్నాడే ఆఫీసుకు వెళ్ళిపోయేవారిని చూస్తే నాకు జాలేస్తుంది. అంత పెద్ద మెషీను దగ్గర గంటసేపు పడుకుని వాళ్ళు బావుకున్నదేమిటి? చికిత్స అంటే నాది! నా కుడి కిడ్నీకి జరగని మర్యాద లేదు.

వెళ్ళేటప్పుడు నాకున్నది ఒకే రాయి. ఇంటికొచ్చాక బయటపడ్డ ముక్కలే పదిహేడు. ఉన్నదాన్ని వదిలించుకోవడానికి వెళ్ళి ఇంత వృద్ధిలోకి వచ్చినవాడు మా వంశంలో ఇంకొకడు లేడు.

మొదటి రోజు మూత్రం ఎర్రగా వచ్చింది. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేశాను. “మామూలేనండీ. నీళ్ళు బాగా తాగండి” అంది రిసెప్షన్‌లో అమ్మాయి. రెండో రోజు నడుము పక్కన అరచేయంత మేర కమిలి వంకాయ రంగుకు తిరిగింది. “అదీ మామూలేనండీ. నీళ్ళు బాగా తాగండి.” రక్తానికీ నీళ్ళే, దెబ్బకీ నీళ్ళే! ఇంత సులువైన శాస్త్రాన్ని డాక్టర్లు అన్నేళ్ళు ఎందుకు చదువుతారో నాకు బోధపడదు.

రాలిన ముక్కల్ని వడగట్టి పట్టుకోమన్నారు. దేంతోనో చెప్పలేదు. వంటింట్లో చేతికందిన టీ జాలీ పట్టుకెళ్ళాను. “అది ఇక మీదే. చచ్చినా వంటింటి గడప దాటించకండి” అంది మా ఆవిడ. ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకంటూ సొంతంగా దక్కిన వస్తువు అదొక్కటే.

పరామర్శకు వచ్చిన బావమరిది ఆ ముక్కల సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. “ఇవేనా బావా? మా మేనేజరువి శనగగింజలంత ఉన్నాయి” అని పెదవి విరిచాడు. నాకు సిగ్గేసింది.

మూడో రోజు ముక్కలు రావడం ఆగిపోయింది. మూత్రనాళంలో ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని కూర్చున్నాయి. డాక్టర్లు దీన్ని రాళ్ళ వీధి అంటారట. మా వీధికి మున్సిపాలిటీ వాళ్ళు పదేళ్ళుగా వెయ్యలేని కంకర నా పొట్టలో మూడు రోజుల్లో పడింది!

ఆ సాయంత్రమే చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. ఫోన్ చేస్తే, “మామూలేనండీ” అంది అదే అమ్మాయి. నీళ్ళు తాగి పడుకున్నాను. తెల్లవారాక మా అమ్మాయి నా ఒళ్ళు పట్టుకు చూసి, ఇంకెవర్నీ అడక్కుండా టాక్సీ పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరు స్కాన్ చూశాడు. “ఇంకొక్క రోజు ఆగుంటే ఈ కిడ్నీ మీకు దక్కేది కాదు” అన్నాడు. అప్పటిదాకా వేసుకున్న జోకులన్నీ మర్చిపోయాను. నిజంగా భయమేసింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పైపు వేసి చీము తీశారు. కిడ్నీ నిలబడింది. నేను లేచి కూర్చున్నాక డాక్టరు కోప్పడ్డాడు.

“జ్వరం వస్తే వెంటనే రమ్మని రాసే పెట్టాం కదండీ. ఎందుకు రాలేదు?”

“ఎక్కడ రాశారు?” అంది మా అమ్మాయి.

“ఫైల్లో, నాలుగో పేజీ. కింద మీ నాన్నగారి సంతకం కూడా ఉంది.”

“ఆ ఫైలేది?”

నర్సు బీరువా తాళం తీసింది. “మా దగ్గరే భద్రంగా ఉందమ్మా. పేషెంట్లకిస్తే పారేసుకుంటారు.”

తెప్పించుకుని చదివాను. రక్తం పడవచ్చు, కమలవచ్చు, ముక్కలు ఇరుక్కోవచ్చు, జ్వరం వస్తే ప్రమాదం. నా నాలుగు రోజుల చరిత్ర ముందే అచ్చేసి ఉంది. వృత్తిరీత్యా నేను ప్రూఫ్ రీడర్ని. ఒక్క అచ్చుతప్పు లేదని ప్రమాణపూర్వకంగా చెప్పగలను. సంతకం పెట్టేనాడు మాత్రం స్ట్రెచర్ మీద ఉన్నాను, నా కళ్ళజోడు అప్పటికే తీయించి మా ఆవిడ చేతిలో పెట్టారు.

ఆస్పత్రివారికి నా మీద కోపం తగ్గితే ఒక్క మనవి. ఆ నాలుగో పేజీ నాకివ్వకపోయినా ఫరవాలేదు. ఫోనెత్తే ఆ అమ్మాయికి ఒక కాపీ ఇవ్వండి.