ఎర్రగుడ్డ కట్టిన మొక్కలు

ఆ ఉదయం ఆకుల మాస్టారి సంకల్పం చాలా స్వల్పం. విశ్వవిద్యాలయం నుంచి నిపుణురాలు వచ్చేలోగా కళాశాల వెనుకనున్న బీడులో పరాయి మొక్క ఒక్కటీ మిగలరాదు. ఆ నేల దేశవాళీ మొక్కలకు ఆశ్రయమని ఆమె నమ్మితే అక్కడ మొక్కలు నిలుస్తాయి. నమ్మకపోతే స్కూటర్లు నిలుస్తాయి. వృక్షశాస్త్రం బోధించే మాస్టారు ఆ జానెడు నేల కోసం ప్రిన్సిపాలుతో ఏళ్ల తరబడి పోరాడారు.

ఆకును వేళ్ల నడుమ నలిపి వాసన చూస్తే చాలు, అది ఈ గడ్డన పుట్టిందో ఓడెక్కి వచ్చిందో ఆయన చెప్పగలరు. ముందునాటి సాయంత్రమే తుమ్మి, తంగేడు వంటి వాటికి తెల్లగుడ్డా, వయ్యారిభామ, గడ్డిచామంతి వంటి వాటికి ఎర్రగుడ్డా కట్టి, అన్నింటి పక్కనా పేరు రాసిన చెక్కముక్కలు పాతించారు.

పీకడానికి ప్రిన్సిపాలు పంపినది కరెంటు తీగలు పాతే ముఠాను. మాస్టారు మేస్త్రీకి గుడ్డలు చూపించి, "ఎర్రది ఎందుకు కట్టానో వేరే చెప్పాలా?" అన్నారు.

"మాకు చెప్పాలా సార్? రోజూ మా పని దాంతోనే కదా" అన్నాడు మేస్త్రీ.

మాస్టారు నిశ్చింతగా స్నానానికి వెళ్లారు. తీగలు పాతేవారికి ఎర్రగుడ్డ అంటే అర్థం ఒక్కటే: అక్కడ కరెంటుంది, చెయ్యి పెట్టరాదు. నోట స్నానపు శ్లోకం ఇంకా ముగియకుండానే ఆయన తిరిగివచ్చేసరికి తెల్లగుడ్డ మొక్కలన్నీ లారీ ఎక్కి వెళ్లిపోయాయి. ఎర్రగుడ్డవి మాత్రం పెళ్లికూతుళ్లలా తలెత్తి నిలిచి ఉన్నాయి.

మాస్టారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. చేసిన పని చాలలేదని ఆయన బాధపడుతున్నారనుకొని మేస్త్రీ, మిగిలిన ప్రతి మొక్క చుట్టూ ఇటుకలు పేర్చి, సున్నం కొట్టించి, కడివెడేసి నీళ్లు పోయించాడు. ఇంతలో ప్రిన్సిపాలు నిపుణురాలిని వెంటబెట్టుకొని రానే వచ్చాడు. ఆమెను కాసేపు మాటల్లో పెట్టమని, సాయానికి వచ్చిన బావమరిదికి మాస్టారు సైగ చేశారు. అతనికి ఆకుకీ అలముకీ తేడా తెలియదు.

"మా బావ వీటిని కన్నబిడ్డల్లా చూసుకుంటారమ్మా. మా అక్కకి కూడా ఇంత సేవ జరగలేదు" అన్నాడు.

ఆమె వయ్యారిభామ ముందు ఆగి, ఈ ఏర్పాటు ఎవరిదని అడిగింది. మాస్టారికి అబద్ధం చేతకాదు.

"గుడ్డలు కట్టింది నేనేనమ్మా. తక్కినదంతా దైవాధీనం."

"ఎక్కడికెళ్లినా దేశవాళీ తోటలే చూపిస్తారండీ. శత్రువుని చూడకుండా పిల్లలు ఎలా గుర్తుపడతారు? దండెత్తొచ్చినవన్నీ పేర్లతో సహా ఒక్కచోట నిలబెట్టింది మీరొక్కరే" అంటూ ఆమె అక్కడికక్కడే ఆమోదపత్రం మీద సంతకం చేసింది. ప్రిన్సిపాలు చేతిలోని స్కూటర్ల స్టాండు పటం చుట్టచుట్టి చంకన పెట్టుకున్నాడు.

నేల దక్కింది, షరతులతో. ఏ మొక్కా చావరాదు. గింజ కట్టకముందే ప్రతి పువ్వునూ మాస్టారు స్వహస్తాలతో తుంచాలి. ఆ మడుల్లో మరే మొక్కా మొలవరాదు.

తొలివానకు గడ్డిచామంతి పక్కన ఒక దేశవాళీ ఉత్తరేణి మొలక తలెత్తింది. మాస్టారు దానికి చేతులు జోడించి, కళ్లు మూసుకొని, నిబంధన ప్రకారం పీకేశారు.