ఎడమచేతి గంట

మంగళవారం నాడు, అఫ్జల్‌గంజ్ వైపు నుంచి బస్సులో వచ్చి, గుడిగంటను ఎడమచేత్తో మోగించే పురుషులకు మిగతా మానవజాతి కన్నా ఓపిక ఎక్కువని శాస్త్రీయంగా రుజువైంది. ఇంతటి సత్యం ఇన్నాళ్లు దాగి ఉన్నందుకు చింతిస్తూ, అది వెలుగులోకి వచ్చిన తీరును పాఠకులకు నివేదిస్తున్నాను.

పరిశోధన చేసింది మా తమ్ముడి కూతురు ఉజ్వల. ఆబిడ్స్‌లో ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతుంది, అదీ తాత్కాలికంగా. ఈ నెలాఖరులోగా థీసిస్ ఇస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. ఆమె గైడు విద్యాసాగర్ గారు మహాపండితులు. ఫలితం తెలియకుండా ఏ పరిశోధనా మొదలుపెట్టరని వారికి మంచి పేరు.

గుడిగంట కొట్టిన వారికి ఓపిక పెరుగుతుందని వారి ప్రతిపాదన. రోజూ గుడికి వెళ్లేవాణ్ణి కనుక నాకూ నచ్చింది. నాంపల్లిలో మా గుడికి వారం పాటు వచ్చిన వారిలో సగం మందిని గంట కొట్టమన్నారు, సగం మందిని వద్దన్నారు. దేవుడి ముందు గంట వద్దనడం తగునా అని అడిగాను. శాస్త్రం కోసం దేవుడు సర్దుకుంటాడన్నారు. తర్వాత అందరినీ ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి, చాయ్ ఇవ్వకుండా, ఎవరు ఎంతసేపటికి అరుస్తారో కొలిచారు.

గంట కొట్టని భూమయ్య అనే పెద్దమనిషి మాత్రం ఎంతకీ అరవలేదు. ఉజ్వలే ఉండబట్టలేక వెళ్లి అడిగింది.

"చాయ్ రాకుంటె పాయె బిడ్డా. ఫ్యాన్ కింద కూసున్న. ఇంట్ల ఈ సుఖం యాడిది?" అన్నాడాయన.

ఇంత ఓపిక మనిషికి సహజం కాదని విద్యాసాగర్ గారు భూమయ్యను లెక్క నుంచి తొలగించారు.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పుకోవాలి. గంటకూ ఓపికకూ ఏ సంబంధమూ లేదనుకుందాం. అయినా కాకతాళీయంగా ఇంత తేడా కనబడే అవకాశం నూటికి ఐదు కన్నా తక్కువైతే, ఆ తేడాకు శాస్త్రజ్ఞులు లేచి నిలబడి నమస్కరిస్తారు. ఎక్కువైతే మొహం కూడా చూడరు. ఉజ్వల లెక్క వేస్తే, భూమయ్యను తీసేశాక కూడా, నూటికి ముప్పై వచ్చింది.

"సార్, గంటతోటి ఏం ఫరక్ కనబడలేదని రాస్త" అంది ఉజ్వల.

"ఏం తేల్లేదని తేల్చేటందుకు యూనివర్సిటీ ఎందుకమ్మా? ఇంట్ల కూసోని గూడ తేల్చుకోవచ్చు" అన్నారాయన.

అక్కడి నుంచి అసలు పరిశోధన మొదలైంది. ఆడవాళ్లను వేరు చేసి చూశారు. ముసలివాళ్లను చూశారు. కాచిగూడ వాళ్లను, సుల్తాన్ బజార్ వాళ్లను, కళ్లద్దాల వాళ్లను, ఉపవాసం ఉన్నవాళ్లను చూశారు. చివరికి మంగళవారం, బస్సు, ఎడమచేయి కలిసిన చోట నూటికి నాలుగు వచ్చింది. గురువుగారు కళ్లు తుడుచుకుని, ప్రతిపాదనను మార్చి, మొదటి నుంచీ మేము ఊహించింది ఇదేనని రాయించారు.

"పెద్దనాన్నా, గిన్ని తీర్ల కోస్తే ఒక ముక్కల ఫరక్ ఊకెనే వస్తది గద. గది రుజువెట్లయితది?" అని ఉజ్వల నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఫలితాలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశానని ఆమె సంతకం చేయాల్సి ఉంది.

ఈలోగా విద్యాసాగర్ గారు ఆబిడ్స్‌లో సభ పెట్టి ప్రసంగించారు. "సోదరులారా! మన పూర్వీకులు గంటను ఊరికే వేలాడదీయలేదు! కుడిచేతి అహంకారాన్ని నేటి విజ్ఞానం పటాపంచలు చేసింది!" అన్నారు. చప్పట్లు ఆగలేదు.

మరుసటి మంగళవారం మా గుడి కిటకిటలాడింది. స్కూటర్లున్నవాళ్లు వాటిని అఫ్జల్‌గంజ్‌లో వదిలి బస్సెక్కి వచ్చారు. జన్మలో దేవుడికి ఎడమచేయి చూపని వాళ్లు ఆ చేత్తోనే గంట కోసం తోసుకున్నారు.

"జర ఓపిక పట్టరాదె!"

"పట్టేటందుకే వచ్చిన, నువ్వు జరుగు!"

ఇద్దరి చొక్కాలు చిరిగాయి. కమిటీవారు దీన్ని భక్తి పెరుగుదలగా నమోదు చేశారు.

గడువు రోజు రానే వచ్చింది. ఉజ్వల సంతకం పెట్టలేదు, అన్నం ముట్టలేదు. దేవుణ్ణే అడుగుదాం పద అని గుడికి తీసుకెళ్లి కొబ్బరికాయ కొట్టాను. లోపల కుళ్లింది. పూజారి నా మొహం చూశాడు, నేను బయట కొట్టు వైపు చూశాను. ఇంకొకటి తెచ్చాను. అదీ కుళ్లింది. మూడోది తెల్లగా, నిండుగా పగిలింది.

"చూసినవా బిడ్డా! కాయ మంచిగ పలిగింది. దేవుడు ఔ అన్నడు. ఫికర్ చెయ్యకు" అన్నాను.

"మరి ముందటి రెండు కాయలు, పెద్దనాన్నా?"

"గవి లెక్కల రావమ్మా."

ఉజ్వల సంచిలోంచి థీసిస్ తీసింది. తర్వాత గుడి మెట్ల మీదే కూర్చుని, నా జేబులోని పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

దారిలో ఎదురైన వారందరికీ మూడో కాయ ముక్కలు పంచాను. అందరూ కళ్లకద్దుకుని తిన్నారు. మొదటి రెంటి సంగతి ఒక్కరూ అడగలేదు.