రేపల్లె కాలువలో మొసలి విడుదల

ఆ శనివారం ఉదయం ప్రసూన పెట్టుకున్న పనులు మూడే. కాఫీ తాగడం, కొత్త పుస్తకం కబురు వాట్సాప్‌లో పెట్టడం, పుస్తకాలను అట్టపెట్టెల్లో సర్దడం. తెనాలిలో ఒక బైండింగు షాపు మీది గదిలో నడిచే బొంగరం కామిక్స్‌కు యజమాని, ఎడిటరు, గుమస్తా అన్నీ ఆమే. బొమ్మలు వేసేది హిదాయతుల్లా. బాపట్లలో ఒక బడిలో డ్రాయింగు మాస్టారు. రెండేళ్లపాటు ప్రతి ఆదివారం రేపల్లె వెళ్లి, కాలువ గట్టున కూర్చుని, నీళ్లనూ గేదెలనూ మనుషులనూ గీసుకొచ్చి ‘రేపల్లె కాలువలో మొసలి’ అనే బొమ్మల కథ పూర్తి చేశాడు. అది అతని మొదటి పుస్తకం.

ప్రసూన భయమంతా జనం గురించే. కిందటి పుస్తకాన్ని తెనాలిలో విడుదల చేస్తే ఏడుగురు వచ్చారు. వాళ్లలో నలుగురు కింద షాపులో బైండింగు చేసేవాళ్లు. ఈసారీ అంతే అయితే హిదాయతుల్లా మళ్లీ కుంచె పట్టడేమోనని ఆమె దిగులు. అందుకే కథ జరిగిన ఊళ్లోనే, కాలువ పక్కనున్న గ్రంథాలయం దగ్గర ఆదివారం సభ పెట్టింది.

ఆమె రాసిన కబురు చూసి అతను ఫోన్ చేశాడు. "అక్కా, అంత పొడుగు మెసేజ్ ఎవరు చదువుతారు? పుస్తకం అనగానే దాటేస్తారు. సూటిగా పెట్టండి."

అదీ నిజమేననిపించింది. కోసి కోసి చివరికి ఇలా పంపింది: "రేపల్లె కాలువలో మొసలి విడుదల. ఆదివారం ఉదయం పది గంటలకు, గ్రంథాలయం దగ్గర. పిల్లలతో సహా రండి. బొంగరం, తెనాలి." కింద ఫోన్ నంబరు. ముఖచిత్రం కూడా జత చేసింది గానీ, పదిమంది చేతులు మారి రేపల్లె చేరేసరికి బొమ్మ ఎక్కడో రాలిపోయి మాటలే మిగిలాయి.

పదకొండింటికి ఫోన్ మోగింది. రేపల్లె నుంచి కనకరత్నం అనే పెద్దావిడ. పాడి ఉన్న మనిషి.

"అమ్మాయ్, మొసలిని విడుదల చేసేది మీరేనా?"

"మేమేనండి. రెండేళ్లు కష్టపడ్డాం దాని మీద."

"ఒకటేనా?"

"ఐదొందలండి. అయిపోతే మళ్లీ ఐదొందలు దించుతాం."

"పిల్లల్ని ఎందుకు రమ్మన్నారు?"

"వాళ్ల కోసమేగా అండి. ఒకసారి దగ్గరికెళ్తే ఇక వదలదు."

"మరి మా గేదెలు?"

"గేదె కూడా ఉందండి. పాపం, మొదట్లోనే దాని కాలు పట్టేసుకుంటుంది."

ఫోన్ టక్కున ఆగిపోయింది. చదివేవాళ్లకు ఎంత ఆసక్తి అని మురిసిపోయి, ప్రసూన ఇంకో కాఫీ కలుపుకుంది.

మధ్యాహ్నం ఇంకో ఫోన్. అటవీ శాఖలో పనిచేసే బర్నబాస్. ఫారెస్టు అని చెప్పాడు గానీ, కింద కాగితాలు కోసే మిషను ఆడుతుండటంతో ఆ మాట ఆమెకు వినపడలేదు. గ్రంథాలయం మనిషి అనుకుంది.

"మేడమ్, మొసలికి పర్మిషన్ ఉందా?"

పుస్తకాలకు ఇచ్చే నంబరు సంగతి కాబోలనుకుంది. "నంబరు ఉందండి. ఢిల్లీ నుంచి వచ్చింది."

"ఢిల్లీ నుంచా?" బర్నబాస్ గొంతు తగ్గిపోయింది. "నంబరు ఎక్కడ ఉంటుందండి?"

"ప్రతిదానికీ వెనకవైపు వేశామండి."

సాయంత్రానికి రేపల్లెలో సంగతి ఖాయమైపోయింది. కేంద్రం వాళ్లు వెనకవైపు నంబర్లు వేసిన ఐదొందల మొసళ్లను కాలువలో వదులుతున్నారు. బట్టలు ఉతికేవాళ్లు మూటలు కట్టేశారు. గేదెలను గట్టుకు దూరంగా తోలుకుపోయారు. బాపట్లలో జిల్లా ఆఫీసుకు ఫోన్ చేస్తే, తమకేమీ తెలియదన్నారు. దాంతో జనానికి నమ్మకం ఇంకా గట్టిపడింది. ఇదంతా ప్రసూనకు తర్వాత తెలిసిన సంగతి.

ఆదివారం హిదాయతుల్లా తొలి బండికి తెనాలి వచ్చాడు. ఇద్దరూ నాలుగు అట్టపెట్టెలతో రేపల్లె పాసింజరు ఎక్కారు. ప్రతి పెట్టె మీదా ప్రసూన ఎర్ర స్కెచ్ పెన్నుతో "మొసలి" అని రాసింది. ఎదురు సీట్లో పెద్దాయన అది చదివి కాళ్లు పైకి ముడుచుకున్నాడు.

"లోపల గాలాడుద్దా అమ్మా?"

"గాలి అక్కర్లేదండి. తడి తగలకపోతే చాలు."

"తగిలితే?"

"ఉబ్బిపోతాయండి."

వేమూరు వచ్చేసరికి బోగీలో వాళ్లిద్దరే మిగిలారు.

రేపల్లె స్టేషన్లో ఏ ఆటోవాడూ పెట్టెల మీద చెయ్యి వెయ్యలేదు. ఒక తోపుడుబండి అడిగి తీసుకుని, ఇద్దరే నెట్టుకుంటూ కాలువ గట్టు మలుపు తిరిగారు. గ్రంథాలయం ముందు నాలుగైదు వందల మంది. ప్రసూనకు సంతోషంతో కళ్లు చెమర్చాయి. అంతలో కర్రలు కనిపించాయి. అందరికంటే ముందు ఒక పెద్దావిడ, ఆమె పక్కన పెద్ద వల పట్టుకుని బర్నబాస్.

"పెట్టె దించావంటే ఊరుకునేది లేదు," అంది పెద్దావిడ. ఆ గొంతు ప్రసూన గుర్తుపట్టింది. నిన్నటి మాటలన్నీ ఒక్కొక్కటే తిరగబడి అర్థమయ్యాయి.

"అక్కా, వచ్చిన బండి ఇంకా స్టేషన్లోనే ఉంటుంది," అన్నాడు హిదాయతుల్లా మెల్లగా.

రెండేళ్ల పనిని తోపుడుబండి మీద పెట్టుకుని వెనక్కి తిరగడం ఆమె వల్ల కాలేదు. పెట్టె చింపి ఒక పుస్తకం పైకెత్తింది. "ఇదేనండి మొసలి. బొమ్మల పుస్తకం. విడుదల అంటే పుస్తకం విడుదలండి."

వెనకనుంచి ఒకాయన, "అయితే మొసలి లేదా?" అన్నాడు. భట్టిప్రోలు నుంచి పిల్లలకు చూపిద్దామని తీసుకొచ్చాడట. పిల్లలు ఏడుపు అందుకున్నారు. అంతవరకు మొసలి వద్దని వచ్చినవాళ్లు, మొసలి చూద్దామని వచ్చినవాళ్లు వేరు వేరుగా నిలబడ్డారు. మొసలే లేదని తెలిశాక అందరూ కలిసిపోయి ప్రసూన మీదికొచ్చారు.

కనకరత్నం మాత్రం పుస్తకం లాక్కుని తిప్పుతోంది. ఒక పేజీ దగ్గర ఆగింది. "ఇది మా గౌరి. ఎడమ కొమ్ము కిందికి వంగి ఉంటుంది." తలెత్తి హిదాయతుల్లాను పరకాయించి చూసింది. "నువ్వు గట్టు మీద కూర్చునే బొమ్మలబ్బాయివి కదూ? నీకు రెండేళ్లు మజ్జిగ పోశాను. మా గౌరి కాలు మొసలికి ఇస్తావా?"

"చివరిదాకా చదవండి పెద్దమ్మా," అన్నాడు అతను.

ఆమె అట్టపెట్టె మీద కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టింది. కర్రలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. గౌరి ఒక్క తాపు తన్నితే మొసలి పళ్లన్నీ రాలే పేజీని జనం రెండుసార్లు చదివించుకున్నారు. అంతలో ఒకతను తన టీ బండిని, ఇంకొకామె తను ఆరేసిన చీరను బొమ్మల్లో గుర్తుపట్టారు. ఆపైన నాలుగు పెట్టెలూ ఖాళీ కావడానికి గంట పట్టలేదు. పుస్తకాల మీద సంతకాలు పెట్టీ పెట్టీ హిదాయతుల్లా వేళ్లు కొంకర్లు పోయాయి. తర్వాతి కథకు స్కెచ్ పుస్తకం ఎప్పుడు కొనాలో అతనే అడిగితే, ప్రసూన పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది.

బర్నబాస్ వల మడిచి భుజాన వేసుకుని, మెట్టు మీద కూర్చుని పై ఆఫీసుకు రిపోర్టు రాశాడు: "మొసళ్లన్నిటినీ పిల్లలు పట్టుకుపోయారు, కాలువలో ప్రస్తుతం నీళ్లు మాత్రమే ఉన్నవి."