వెర్లిన్ గారి ఏడో నియమం

ఏప్రిల్ వచ్చిందంటే కాన్సస్‌లోని డ్రై క్రీక్ ఊళ్ళో అందరూ గోధుమ చేల వంక చూస్తారు, వెర్లిన్ డిట్జ్ మాత్రం ఆకాశం వంక చూస్తాడు. పదకొండేళ్ళుగా ఆ ఊరి విపత్తుల బాధ్యత ఆయనదే. జీతం లేదు. నారింజరంగు కోటు ఒకటి, మెడలో ఈల ఒకటి, అంతే. రోజూ పొద్దున్నే వాతావరణ కేంద్రం వాళ్ళు పంపే ప్రమాద సూచనను ప్రింటు తీసి, కాఫీ తాగుతున్న భార్య లవాన్‌కు వార్తలు చదివినట్టు వినిపించేవాడు. "నేడు ప్రమాదమేమీ లేదు" అని ఉన్న రోజున ఆయన ముఖం చిన్నబోయేది. అలా చిన్నబోవడం తప్పని ఆయనకూ తెలుసు. సిగ్గుపడేవాడు కూడా, కానీ మానలేకపోయాడు.

ఆ బుధవారం మాత్రం ఆయన సూచన చదవలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు ఊరంతటికీ మాక్ డ్రిల్లు ఉంది. సుడిగాలి వచ్చినట్టు సైరన్ మోగుతుంది, జనం నేలమాళిగల్లో దాక్కుంటారు, పదిమంది దెబ్బలు తగిలినట్టు నటిస్తే అగ్నిమాపక దళం వాళ్ళను వెతికి పట్టుకుంటుంది. అదంతా చూసి మార్కులు వేయడానికి జిల్లా కార్యాలయం నుంచి ఒకావిడ వస్తుంది. ఈ డ్రిల్లు మీద వెర్లిన్ పరువంతా ఆధారపడి ఉంది. నిరుడు హైస్కూలు పిల్లలు పట్టాలు పుచ్చుకునే రోజున సుడిగాలి వస్తోందని చెప్పి నూట నలభై మందిని చర్చి నేలమాళిగలోకి తోలాడు. వచ్చిన గాలి ఒక ప్లాస్టిక్ కుర్చీని వెల్లకిలా పడేసి తన దారిన పోయింది. అప్పటినుంచి ఊళ్ళో ఎక్కడ కుర్చీ పడినా "వెర్లిన్‌కి కబురు పెట్టండి" అనడం అలవాటైంది. ఈ సాయంత్రం ఊరి సభలో ఆయన్ని ఉంచాలా, తీసేసి బావమరిది డ్వేన్‌ను పెట్టాలా అని చేతులెత్తి తేల్చబోతున్నారు.

డ్వేన్ అగ్నిమాపక దళానికి నాయకుడు. మంచివాడు, బావ చెప్పింది అక్షరం పొల్లుపోకుండా చేసేవాడు. వాడి మీద వెర్లిన్‌కున్న ఫిర్యాదల్లా ఊళ్ళో అందరికీ వాడంటే ఇష్టం కావడమే.

డ్రిల్లు కోసం వెర్లిన్ ఏడు నియమాలు రాశాడు, పేజీకొకటి చొప్పున. ఆరు పేజీలు ప్రింటయ్యేసరికి కాగితాలు అయిపోయాయి. అప్పుడే బయటికొచ్చిన ఆనాటి ప్రమాద సూచన ఆయన చేతిలోనే ఉంది. దాన్ని తిరగేసి యంత్రంలో పెట్టాడు.

"ఈరోజు వాతావరణం ఎలా ఉంటుందట?" అని అడిగింది లవాన్, అలవాటు కొద్దీ.

"ఈరోజు డ్రిల్లు. వాతావరణం సంగతి రేపు చూద్దాంలే."

కాగితం వెనకవైపు ఏడో నియమం చక్కగా పడింది. అదంటే ఆయనకు మహా గర్వం. "దెబ్బలు తగిలినట్టు నటించేవారు అరుస్తారు, ఏడుస్తారు, 'ఇది డ్రిల్లు కాదు, నిజం' అని ఒట్లు వేస్తారు. నమ్మవద్దు. బాగా నటించారని మెచ్చుకుని మీ పని మీరు కొనసాగించండి." ఏడు పేజీలకూ చర్చిలో నకళ్ళు తీయించి ఊరందరికీ పంచి, అసలు ప్రతిని అట్టకు తగిలించి డ్వేన్‌కు ఇచ్చాడు.

ఒంటిగంటన్నరకు నారింజ కోటు కోసం తన పెరట్లోని నేలమాళిగలోకి దిగాడు. పై నుంచి తలుపు దబ్బున మూసుకుంది, గడియ పడింది. వేసింది డ్వేనే. తెరిచి ఉన్న నేలమాళిగ ఏది కనబడినా మూసి గడియ పెట్టాలన్నది మూడో నియమం. ఆ గడియ కూడా, గాలికి తలుపు ఎగిరిపోకుండా, వెర్లిన్ స్వయంగా బయటివైపు బిగించినదే.

ఫోను వంటింట్లో ఉంది. వాకీటాకీ చేతిలోనే ఉంది గానీ అందులో బ్యాటరీలు లేవు. గోడ గడియారం ఆగిపోయిందని లవాన్ పోయిన వారమే వాటిని తీసి దానికి వేసింది. తీస్తున్నట్టు చెప్పింది కూడా, ఆయనే వినలేదు. ఇక మిగిలింది ఈల. ఊదాడు, తలుపు బాదాడు, అరిచాడు. ఈలోగా రెండు కొట్టింది, సైరన్ మోగింది, ఆయన అరుపులన్నీ అందులో కలిసిపోయాయి.

సైరన్ ఆగాక తలుపు దగ్గర చేతికర్ర చప్పుడైంది. పక్కింటి ఓర్ఫా లిండ్‌క్విస్ట్. ఎనభై రెండేళ్ళ మనిషి. వెర్లిన్‌కు మూడో తరగతిలో పాఠాలు చెప్పింది, బడి నాటకాలన్నీ ఆవిడే వేయించేది.

"టీచర్ గారూ, గడియ తీయండి. నేను నిజంగానే ఇరుక్కుపోయాను."

"'నిజంగానే' దగ్గర ఒక్క క్షణం ఆగి అను నాయనా. అప్పుడూ ఇంతే, మాటలు మింగేసేవాడివి."

"నటన కాదండీ. ఒట్టు."

"ఆ, ఇప్పుడు కాస్త కుదిరింది. గొంతు కడుపులోంచి రానీ."

వెర్లిన్ మెట్టు మీద కూలబడ్డాడు. ఏడో నియమం రాసిన మహానుభావుడు ఎదురుపడితే నాలుగు తగిలిద్దామనిపించింది.

ఇరవై నిమిషాలకు డ్వేన్ నలుగురు మనుషులతో వచ్చాడు. జాబితాలోని పదిమందీ దొరికిపోయారు, లోపల అరుస్తున్న పదకొండో మనిషి ఎవరా అని గడియ తీశాడు. బావను చూసి వాడి కళ్ళు మెరిశాయి.

"చూశార్రా? జాబితాలో లేకుండా తానే దాక్కుని మనకు పరీక్ష పెట్టాడు. బావ బుర్రే బుర్ర."

"పరీక్షా లేదు, గాడిద గుడ్డూ లేదు. గడియ వేసింది నువ్వే. పక్కకి తప్పుకో, జిల్లా నుంచి ఆవిడ వచ్చి ఉంటుంది."

"వచ్చింది. బడి దగ్గర మార్కులు వేస్తోంది. నువ్వు కదలకు బావా, నీ కాలు విరిగింది."

"నా కాలు బాగానే ఉందిరా."

"కాలు విరిగి మతి చలించినవాళ్ళు అలాగే అంటారని నాలుగో పేజీలో నువ్వే రాశావు కదా."

మెడకు పట్టీ వేశారు, స్ట్రెచర్ మీద పడుకోబెట్టి మూడుచోట్ల బెల్టులు బిగించారు. ఇంత శ్రద్ధగా పని చేసే దళాన్ని తయారు చేసినందుకు వెర్లిన్ తనను తానే తిట్టుకున్నాడు. నలుగురు మోస్తుంటే, డ్వేన్ అట్ట పట్టుకుని ముందు నడుస్తుంటే, ఓర్ఫా కర్ర తాటిస్తూ వెనక వస్తుంటే, ఊరేగింపు పెద్దవీధి మీదుగా బడివైపు సాగింది.

వెల్లకిలా ఉన్న మనిషికి ఆకాశం తప్ప ఏం కనబడుతుంది? నైరుతి మూల మబ్బు పచ్చబారి ఉంది. దాని అడుగున నల్లటి ముద్ద ఒకటి కిందికి జారి, మెల్లగా, గుండ్రంగా తిరుగుతోంది. పదకొండేళ్ళు ఎదురుచూసిన మేఘం అది. దాన్ని చూడగానే వెర్లిన్‌కు సంతోషం కలగలేదు.

"డ్వేన్, ఆకాశం చూడు. సుడిగాలి. నిజం సుడిగాలి."

"అద్భుతం బావా" అన్నాడు డ్వేన్, వెనక్కి తిరగకుండానే. అట్ట మీద ఏదో రాసుకున్నాడు.

అంతలో సైరన్ రెండోసారి మోగింది. వాతావరణ కేంద్రం హెచ్చరికతో జేబుల్లో ఫోన్లు కూడా కీచుమన్నాయి. "వెర్లిన్ ఫోన్లు కూడా మోగించాడు, ఎంత ఏర్పాటు చేశాడో" అనుకుంటూ జనం వాటి నోరు నొక్కేశారు. రెండో సైరన్ మోగిందంటే డ్రిల్లు అయిపోయినట్టేనని ఊళ్ళో సగం మంది నమ్మకం. కాదని వెర్లిన్ ఏడాదికి నాలుగుసార్లు చెబుతూనే ఉన్నాడు. నేలమాళిగల తలుపులు వరసగా తెరుచుకున్నాయి. జనం బయటికొచ్చి, గుమ్మాల్లో నిలబడి, కాఫీ కప్పులతో స్ట్రెచర్ ఊరేగింపుకు చేతులూపారు. చర్చి మెట్ల మీద లవాన్ నిలబడి ఉంది, డ్రిల్లు అయ్యాక ఊరందరికీ పులుసుతో పాటు పెట్టే దాల్చినచెక్క రోల్సు పళ్ళెం చేతుల్లో పట్టుకుని. సరిగ్గా ఆమె వెనకాల, దూరంగా, ఆ నల్లముద్ద తోక దించుతోంది.

"లవాన్, లోపలికి పో. పో అంటుంటే" అని అరిచాడు. గొంతు జీరపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదీ నటన అంటే" అంది ఓర్ఫా. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

అప్పుడు వెర్లిన్‌కు ఒక సంగతి తట్టింది. పదకొండేళ్ళుగా నిజం చెబుతుంటే ఊరు నవ్వుతూనే ఉంది. ఈ ఊరు మాట వినేది డ్రిల్లు అంటేనే. ఆయన ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, కడుపులోంచి గొంతు తెచ్చి, జీవితంలో మొదటిసారి వాతావరణం గురించి అబద్ధం ఆడాడు.

"డ్రిల్లు రెండో భాగం మొదలైంది. రెండు నిమిషాల్లో అందరూ చర్చి నేలమాళిగలో ఉండాలి. జిల్లా ఆవిడ గడియారం పట్టుకుంది. ఆలస్యమైతే సున్నా మార్కులు, పులుసూ లేదు, రోల్సూ లేవు."

ఊరు పరుగు తీసింది. కప్పులు గుమ్మాల్లోనే వదిలి, ముసలివాళ్ళను ఎత్తుకుని, కుక్కలను చంకన పెట్టుకుని తీసింది. డ్వేన్ ఓర్ఫాను భుజాన వేసుకున్నాడు. ఆ హడావిడిలో గాలి ఒక్క ఊపు ఊపి, వాడి చేతిలోని అట్ట మీద కాగితాలన్నీ లాక్కుపోయింది. స్ట్రెచర్‌ను మెట్ల మీదుగా కాళ్ళు ముందుకు పెట్టి దించారు, వెర్లిన్ తల రెండుచోట్ల గోడకు తగిలింది. అందరికన్నా చివర దిగిన లవాన్ తలుపు లాగింది.

ఆ తర్వాత తల మీద గూడ్సు బండి వెళ్తున్నంత మోత. దీపాలు ఆరిపోయాయి. వడగళ్ళు కప్పును దంచాయి.

"చప్పుళ్ళు కాస్త ఎక్కువ పెట్టావు నాయనా" అంది ఓర్ఫా, గొంతు తగ్గించి.

"నన్ను విప్పండి" అన్నాడు వెర్లిన్.

"ఏడో నియమం బావా" అన్నాడు డ్వేన్. ఈసారి మాత్రం నటనను మెచ్చుకోవడం మర్చిపోయాడు. లవాన్ వచ్చి నేల మీద కూర్చుని, బెల్టు కింద చెయ్యి దూర్చి భర్త చెయ్యి పట్టుకుంది. మోత ఆగేదాకా వదల్లేదు.

పైకి వచ్చి చూస్తే ధాన్యం గోదాము రేకులన్నీ బేస్‌బాల్ మైదానంలో పడి ఉన్నాయి. చర్చి ఎదురుగా ఉన్న మూడు గుమ్మాలు కాఫీ కప్పులతో సహా లేవు. ఎవరికీ గీత కూడా పడలేదు. బడి నేలమాళిగలోంచి జిల్లా ఆవిడ బయటికొచ్చి, జరిగింది విని, రెండు నిమిషాల్లో ఊరినంతా లోపలికి పంపిన మనిషిని చూపించమంది. బెల్టుల మధ్య నుంచి వెర్లిన్ రెండు వేళ్ళు ఊపాడు.

ఆ సాయంత్రం సభ చర్చిలోనే జరిగింది. పదవి ఆయనకే ఉండాలని మొదట చెయ్యెత్తింది డ్వేన్. ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఆకాశం చూసి మేఘం జాడ ఎలా పట్టావని అందరూ అడుగుతుంటే, వెర్లిన్ మెడపట్టీ సవరించుకుంటూ, అంతా అనుభవం అన్నాడు. పొద్దున సూచన చదివావా అని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పది రోజులకు ముప్ఫై మైళ్ళ అవతలి నుంచి ఒక కవరు వచ్చింది. తన ఆవుల దొడ్డి కంచెకు అతుక్కుని ఈ కాగితం దొరికిందనీ, దాని మీద ఊరి పేరు చూసి, ముఖ్యమైనదేమోనని పంపుతున్నాననీ ఒక రైతు రాశాడు. గాలి ఎత్తుకుపోయిన ఏడు పేజీల్లో ఏడోది అది. లవాన్ ఒకవైపు చదివి నవ్వింది, తిరగేసి రెండోవైపున్న ఆ బుధవారపు సూచన చదివి నవ్వు ఆపింది. మధ్యాహ్నం రెండు గంటల తర్వాత సుడిగాలికి అవకాశం ఉందనీ, ఆకాశాన్ని గమనించేవారు సిద్ధంగా ఉండాలనీ అందులో స్పష్టంగా ఉంది.

ఆమె దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది, సూచన వైపు బయటికి కనబడేలా.