'ఎందుకు' అనే గడి

సోమవారం పొద్దున్న ఇన్‌స్పెక్టరు పాత కారులో ఒక నోటుపుస్తకం వేలాడదీశాడు. తూనికలు కొలతల శాఖలో ఇరవై రెండేళ్ళుగా కాటాలు తనిఖీ చేస్తున్న మనిషి, కొలవనిదేదీ నమ్మడు. కారు పెట్రోలును మంచినీళ్ళలా తాగుతోంది, మార్చక తప్పదు. "ఏ బండి మంచిదని నన్నడక్కండి సార్. మీ ఇంట్లో ఎవరెవరు రోజూ ఎంత తిరుగుతారో ఒక వారం రాసి తెండి. దానికి సరిపోయేదే మంచి బండి" అన్నాడు షోరూములో సేల్స్‌మన్. ఆ మాట ఇన్‌స్పెక్టరుకి తెగ నచ్చింది. స్కేలు పెట్టి గళ్ళు గీశాడు: ఎవరు, ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు. పేజీలో కాస్త చోటు మిగిలింది. ఊరికే వదలడం ఇష్టం లేక 'ఎందుకు' అని ఇంకో గడి గీశాడు. కొంప ముంచింది అదే.

"ఇవాళ్టి నుంచి కారు ఎవరు తీసినా ఇందులో రాయాలి" అని చెప్పి ఆఫీసుకి తయారవడానికి లోపలికి వెళ్ళిపోయాడు. కొత్త కారు సంగతి చెప్పలేదు. తనిఖీకి కారణం ముందుగా చెప్పే అలవాటు అతని ఉద్యోగంలో లేదు.

భార్య పుస్తకం తెరిచింది. ఆమె టీచరు. బడికి ఎందుకు వెళ్తోందో కూడా రాయాలా అనుకుని, తాళాలు మేకుకి తగిలించి బస్సెక్కింది. వారమంతా బస్సే.

ఆమె తండ్రి, గడియారాలు బాగుచేసి రిటైరైన మనిషి, వాళ్ళతోనే ఉంటారు. బుధవారం సాయంత్రాలు కూతురు ఆయన్ని ఊరవతలి స్నేహితుడింటికి కారులో తీసుకెళ్తుంది. ఆ స్నేహితుడికి పక్షవాతం. ఇద్దరూ రెండు గంటలు చదరంగం ఆడతారు. ఈ బుధవారం ఆయన కారులో కూర్చుని, పెన్సిలు పట్టుకుని, ఆ చివరి గడి దగ్గర ఆగిపోయారు. అల్లుడి పెట్రోలు ఖర్చుపెట్టి చదరంగానికి అని రాయడానికి మొహం చెల్లలేదు. "మోకాలు బాలేదమ్మా, ఇవాళ వద్దులే" అని దిగిపోయారు.

శనివారం ఇన్‌స్పెక్టరు పుస్తకం తిరగేసి మురిసిపోయాడు. ఇంత తక్కువ తిరిగే సంసారమా తనది! నేరుగా వెళ్ళి అన్నిటికంటే ఎక్కువ మైలేజీ ఇచ్చే బుల్లి కారు బుక్ చేసి వచ్చాడు.

"ఇద్దరు పట్టే బండి. లీటరుకి ఎంతిస్తుందో చెప్తే నమ్మరు."

"ఇద్దరంటే?" అంది భార్య.

"నువ్వూ నేనూ."

మామగారు లేచి తన గదిలోకి వెళ్ళారు. మంచం కింద నుంచి పెట్టె లాగుతున్న చప్పుడు వినిపించింది.

"మా నాన్నకి ఇక్కడ చోటు లేదని నోటితో చెప్తే సరిపోయేదిగా. వారం రోజులు లెక్కలు రాయించి, కారు కొని మరీ చెప్పాలా?"

ఇన్‌స్పెక్టరు తెల్లబోయాడు. "నేనేం చేశాను? మీరెవరూ కారు తియ్యనేలేదు, కావాలంటే విను" అని పుస్తకం చదవసాగాడు. "నేను, ఆఫీసు, కిలోమీటరున్నర. నేను, ఆఫీసు. నేను, షోరూము. నేను, మళ్ళీ షోరూము..." చదివేకొద్దీ గొంతు తగ్గింది. బుధవారం దగ్గర, తను లెక్కలోకి తీసుకోని ఒక కొట్టివేత ఉంది. మామగారి వణికే అక్షరాలు: 'నేను, మిత్రుడి ఇల్లు, పద్నాలుగు'. చివరి గడిలో ఏదో రాసి చెరిపేసిన మచ్చ.

అతనికి చాలా సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఊరివాళ్ళ కాటాల్లో దోషాలు పట్టుకున్నవాడు, ఈసారి కాటా మీద తన చెయ్యే ఉందని గమనించలేదు.

"పెట్టె లోపల పెట్టెయ్యండి మామయ్యగారూ. బయల్దేరండి."

"ఎక్కడికి బాబూ?"

"చదరంగానికి."

"ఇవాళ శనివారం కదా."

"ఆయనకేమన్నా అభ్యంతరమా?"

అభ్యంతరం లేకపోగా, బుధవారం పేర్చిన పావుల్ని ఆ స్నేహితుడు అప్పట్నుంచి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదట.

సోమవారం బుకింగు రద్దయింది. ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి నడిచి వెళ్తున్నాడు, షోరూము వైపు పోవడం లేదు. భార్య బడికీ, మామగారు చదరంగానికీ కారులోనే వెళ్తున్నా పెట్రోలు ఖర్చు మునుపటికంటే తగ్గింది. పాత కారు మార్చడం ఎందుకో ఆ గడిలో రాద్దామని అతను పెన్సిలు తీశాడు గానీ, ఇంకా ఏమీ తోచలేదు.