పెరుగు ముంత, నాలుగు వందల గుర్రాలు

మా అల్లుడు ఫణీంద్ర కొన్న స్పోర్ట్స్ కారుకు నాలుగు వందల గుర్రాల బలం ఉందట. నాచారంలో మేం ముగ్గురం ఉండే గల్లీ చివరికి వచ్చేసరికి ఆ గుర్రాలన్నీ కూరగాయల బండి వెనక బుద్ధిగా నిలబడతాయి.

కొన్నవాడు ఊరుకోక స్ప్రింగులు మార్పించి, కారును నేలకు దించాడు. గట్టి స్ప్రింగులుంటే మలుపుల్లో ఒరగదట. నున్నటి రోడ్డు మీద అది నిజమే. ఉప్పల్ గతుకుల మీద మాత్రం చక్రం నేల వదిలి ఎగురుతుంది. ఎగిరిన చక్రానికి బ్రేకు పట్టదు, స్టీరింగు మాట వినదు. గుర్రాలన్నీ గాలిలో పరిగెత్తుతాయి.

పోయిన వారం వానలో వెనకభాగం జారి, కారు డివైడర్‌కు జానెడు దూరంలో ఆగింది. పక్క సీట్లో మా అమ్మాయి గీతిక ఉంది. ఆ జానెడు గుర్తొచ్చినప్పుడల్లా దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

"పాత స్ప్రింగులు పెట్టించు. లేకుంటే నేను ఈ కారెక్క," అంది గీతిక.

"స్ప్రింగుల తప్పు కాదది. వాన తప్పు."

"అయితే వానను షెడ్డుకు తీస్కపో."

ప్రతి ఆదివారం మా భోజనం మేడిపల్లిలో, ఫణీంద్ర వాళ్ల అమ్మ త్రిపురసుందరి గారింట్లో. పెరుగు మాత్రం మా ఇంటి నుంచే వెళ్లాలి. గీతిక మట్టి ముంతలో తోడుపెట్టిన గడ్డ పెరుగు లేనిదే ఆవిడకు చివరి ముద్ద దిగదు. గీతిక ఆ ముంతనే పందెం చేసింది.

"పెరుగు విరగకుండ మేడిపల్లి చేరితే నీ స్ప్రింగులు నువ్వుంచుకో. విరిగితే పాతవి. స్పీడు మాత్రం నలభై దాటొద్దు."

ఒప్పుకున్నవాడు ఒప్పుకున్నట్టే నా గదిలోకి వచ్చాడు.

"మామా, మీరు కాలేజీల ఫిజిక్స్ చెప్పిన్రు గద. బండి ఎగరకుండ ఏం జెయ్యాలె?"

"బరువు పెరిగితే ఎగురుడు తగ్గుతది," అన్నాను.

అది సగం పాఠమే. మిగతా సగం చెప్పేలోగా అల్లుడు లేచి వెళ్లాడు. కాలేజీలోనూ నాకు ఇదే అనుభవం.

సాయంత్రానికి వెంకటనర్సమ్మ కిరాణా కొట్టు నుంచి నాలుగు బియ్యం బస్తాలు వచ్చి డిక్కీలో కూర్చున్నాయి. డిక్కీ మూత ఎత్తి పట్టుకున్నది నేనే.

ఆదివారం గీతిక ముంత ఒళ్లో పెట్టుకొని ముందు కూర్చుంది. ఆ కారుకు వెనక సీటన్నది పేరుకే. మోకాళ్లు గడ్డానికి ఆనించి సర్దుకున్నాను. మా ఆవిడ ఉండి ఉంటే మడిచిన దుప్పటిలా ఉన్నారనేది.

కారు నిజంగానే మెత్తగా సాగింది. ఫణీంద్ర ఈల వేశాడు.

"సూడు, పల్లకీ లెక్క పోతుంది."

"పల్లకీ ముక్కు ఆకాశం దిక్కు ఎందుకు సూస్తుంది?"

ఉప్పల్ దగ్గర స్టీరింగు తిప్పితే కారు కాసేపు ఆలోచించింది. తరవాత తిరిగింది. ఈలోగా పక్కన వెళ్తున్న బస్సును దాదాపు ఆనుకున్నాం. కిటికీలోంచి ఒకాయన తొంగిచూసి, "అన్నా, సీటు కావాల్నా ఏంది?" అన్నాడు.

మిగతా సగం పాఠం నా నోటినుంచి దానంతటదే వచ్చింది.

"వెనక బరువైతే ముందు చక్రాలకు పట్టు పోతది."

"ఇప్పుడా మామా చెప్పేది?"

"వెనక బరువేంది డాడీ?" అంది గీతిక.

"నేనే బిడ్డా," అన్నాను.

పీర్జాదిగూడలో స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ముందు చక్రాలు దాటాయి. తరవాత కింద కరకరమని చప్పుడై, కారు పొట్ట దానిమీద చతికిలబడింది. నాలుగు వందల గుర్రాలు ఎంత గుంజినా కదల్లేదు.

గీతిక కిటికీలోంచి చెయ్యి ఊపింది. మా వెనకే వస్తున్న ట్రాలీ ఆటో పక్కకొచ్చి ఆగింది.

"అక్కా, బస్తాలు ఈడనే ఎక్కించాల్నా?" అన్నాడు డ్రైవర్.

ఫణీంద్ర నావైపు చూశాడు. నేను ముంతవైపు చూశాను.

"నర్సమ్మ రాత్రే ఫోన్ జేసింది," అంది గీతిక. "'ఇంట్ల ఫంక్షన్ ఉన్నదా బిడ్డా, నన్ను పిలవనే లేదు' అని ఒకటే నిష్ఠూరం. అప్పుడే ఆటో మాట్లాడిన."

"ఇంటికాడనే అడగొచ్చు గద?"

"అడిగితే మళ్ల వాన తప్పంటవ్."

బస్తాలు ఆటో ఎక్కగానే కారు పొట్ట పైకి లేచింది. గీతిక ముంత మీది గుడ్డ తీసి చూపించింది. పెరుగు గడ్డ గడ్డలాగే ఉంది.

"విరగలేదు," అన్నాడు ఫణీంద్ర, కాలర్ సర్దుకుంటూ.

"ఇంకా మేడిపల్లి రాలేదు. నాచారం నుంచి నా రెండు చేతులే దీనికి స్ప్రింగులు. ఇగ నువ్వు పట్టుకో. నేను నడుపుత."

గీతిక కారును నడక వేగంతోనే పోనిచ్చింది. మొదటి గతుకుకు పెరుగులో నీళ్లు తేలాయి. రెండోదానికి సగం పెరుగు అల్లుడి చొక్కా మీదికి వచ్చింది. మూడోది రాకముందే నోరు తెరిచాడు.

"రేపు షెడ్డుకు పోత."

"రేపెందుకు? ఈ రోజు తెరిచే ఉంటది. అన్నం తినంగనే రమ్మన్నరు."

త్రిపురసుందరి గారు గుమ్మంలో కొడుకు చొక్కా చూశారు, బస్తాల ఆటో చూశారు, నేరుగా వడ్డనకు నడిచారు. ఆ మేలు నేను మరిచిపోను.

ఆ పూట అన్నంలోకి గడ్డ పెరుగు లేదు. అన్నానికి మాత్రం ఏ లోటూ రాలేదు.