త్యాగమూర్తికి ఒక బొమ్మ

అప్పు చేసి పేకాడేవాణ్ణి తిట్టకండి. వీలైతే తిరుపతి బస్టాండు ఎదుట అతని బొమ్మ నిలబెట్టండి! ఊరి వ్యాపారాన్ని భుజాన మోస్తున్నది అతనే.

నమ్మరా? అయితే మా వీధి వెంకటమునిని చూడండి. అలిపిరి దగ్గర టెంకాయలు అమ్ముకునే మనిషి. ఆ మధ్య కంతుల మీద టేబుల్ ఫ్యాను తెచ్చాడు. కంతులంటే కొద్దికొద్దిగా కట్టడమని మీకు తెలుసు. ఆ కొద్దికొద్ది కూడా కట్టకుండా ఉండటం వెంకటముని కనిపెట్టాడు. అట్టపెట్టె విప్పకుండానే ఫ్యానును సేటు అంగట్లో కుదువ పెట్టి, ఆ డబ్బుతో లాడ్జీలో మూడుముక్కలాటకు కూర్చున్నాడు.

చూశారా, ఒక్క ఫ్యానుతో ఎన్ని కడుపులు చల్లబడ్డాయో! అమ్మినవాడికి బేరం, సేటుకు వడ్డీ, లాడ్జీవాడికి అద్దె, గెలిచినవాడికి సెకండ్ షో సినిమా. గాలి తగలనిది వెంకటముని ఇంట్లోవాళ్ళకే. ఊరి మేలు కోరేవాడికి ఇంటి ఉక్కపోత ఒక లెక్కా?

తర్వాత ట్రాన్సిస్టరు వచ్చింది, అదే దారిన వెళ్ళింది. ప్రెషర్ కుక్కరు వచ్చింది, ఒక్క ఈల కూడా వేయకుండా వెళ్ళింది. భార్య మునిలక్ష్మి కమ్మలు మాత్రం కంతుల మీద వచ్చినవి కావు, పుట్టింటివారు పెట్టినవి. అవీ వెళ్ళాయి. ఇక ఆ ఇంట్లో మిగిలిన బంగారం ఆమె మెడలోని తాళిసరుడు ఒక్కటే.

వెంకటముని చదువుకోలేదు గానీ శాస్త్రం తెలిసినవాడు. ఆమె ఏడ్చినప్పుడల్లా పురాణం విప్పేవాడు. మన సామి పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేయలేదా? ఇప్పటికీ వడ్డీ కట్టడం లేదా? హాథీరాం బావాజీతో పాచికలాడి ఓడిపోలేదా? అప్పూ ఆటా రెండూ ఎరిగిన దేవుడి పాదాల కింద కాపురముంటూ వాటికి సిగ్గుపడితే కళ్ళు పోతాయని నచ్చజెప్పేవాడు. ఎంత భక్తి!

పోయిన శుక్రవారం ఫ్యాను అమ్మినవాడు వాకిట్లో నిలబడ్డాడు. కంతులైనా కట్టమన్నాడు, ఫ్యానైనా ఇమ్మన్నాడు. వెంకటముని లోపలికి వచ్చి, ఒక్క ఆటతో అన్నీ విడిపిస్తాను, సరుడు ఇమ్మని చేయి చాచాడు. బావాజీ కథ మళ్ళీ ఎత్తుకున్నాడు.

మునిలక్ష్మి ఈసారి ఏడవలేదు.

"సామి ఓడిపోతే తన మెళ్ళో హారం ఇచ్చినాడు గదా. కొండ దిగొచ్చి తిరుచానూరమ్మ మెళ్ళోది అడిగినాడా?" అంది.

వెంకటముని తన మెడ తడుముకున్నాడు. చెమట తప్ప ఏమీ తగల్లేదు. శాస్త్రంలో ఈ ముక్క అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. తర్వాత ఆమె మెడ వెనక కొక్కెం తనే విప్పుకుని, పెరటి దారిన లాడ్జీకి వెళ్ళాడు. ఫ్యాను మనిషి ఇంకా వాకిట్లోనే ఉన్నాడు.

ఊరికి మళ్ళీ మేలు జరిగింది.

బొమ్మ సంగతి నేను మరిచిపోలేదు. నిలబెట్టవలసిందే! శిల్పికి మాత్రం ఒక్క మాట చెప్పండి. ఆడమనిషి బొమ్మ చెక్కమనండి. మెడలో పసుపుతాడు చాలు.